రెండోసారి తలుపు తట్టేవారు

2016 జూన్‌లో, రంజాన్ ఉపవాసాల నడుమ, హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో పసిపిల్లలకు పోలియో ఇంజెక్షన్లు వేశారు. అంబర్‌పేట మురుగునీటి నమూనాలో, టీకా నుంచి మార్పు చెందిన టైప్-2 వైరస్ కనబడింది. అంబర్‌పేట మన దిల్‌సుఖ్‌నగర్‌కు ఎంత దూరమని! దేశానికి పోలియోరహిత గుర్తింపు 2014లోనే వచ్చింది కదా, మళ్లీ సూదెందుకని తల్లులు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

కరపత్రం దానికి జవాబు చెప్పలేదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ బస్తీల్లో ఆ పని అదే వీధి యువతీయువకులది. అమ్మాయిలైతే మరీ మేలు, వంటింటి దాకా వెళ్లి కూర్చోగలరు. ముందు భయమేమిటో వినాలి: జ్వరం వస్తుందనా, వాట్సాప్‌లో ఏదైనా చూశారా? తెలియనిది ఆశా కార్యకర్తను అడిగి మర్నాడు చెప్పాలి. సూది వేయించాక మళ్లీ వెళ్లి బిడ్డ ఎలా ఉందో కనుక్కోవాలి. ఈ రెండో రాకను చూసే పక్కింటివాళ్లూ నమ్ముతారు.

నోటుపుస్తకాలకు, రేషన్ కిట్లకు దాతలు సంతోషంగా ఇస్తారు, అల్‌హమ్దులిల్లాహ్. ఈ యువత బస్సు ఛార్జీలు, శిక్షణ రోజు భోజనం మాత్రం ఏ ఫొటోలోనూ కనబడవు. జకాత్ హక్కుదారులెవరో ఖురాన్ నిర్ణయించింది; అందుకే ఈ ఖర్చును సదఖాగా అడుగుతున్నాం.