బండి టైము చదువుదాం

ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస. పంట అమ్మాలన్నా, పనికి పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా బండి కావాలి. కవిటిలో రైలు స్టేషను లేదు. ఇక్కడి వాళ్ళు ఇచ్ఛాపురం పోయి రైలు ఎక్కుతారు. లేదంటే జాడుపూడి, కంచిలి పోతారు. కంచిలిలో ఉన్న స్టేషను పేరు సోంపేట. అక్కడి నుంచి పలాస, నౌపడ, శ్రీకాకుళం రోడ్డు, విశాఖపట్నం పోవచ్చు.

బండ్లు ఎందుకు చాలవు?

ఇది హౌరా నుంచి చెన్నై పోయే పెద్ద లైను. పగలూ రాత్రీ బండ్లు తిరుగుతూనే ఉంటాయి. కాని చిన్న స్టేషన్లలో ఆగేవి కొన్నే. పాసింజరు, ఎక్స్‌ప్రెస్, గూడ్సు, అన్నీ అవే పట్టాల మీద పోవాలి. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తుంటే పాసింజరును పక్క లైనులో ఆపుతారు. అది దాటిపోయాక పాసింజరు కదులుతుంది. పట్టాలు బాగుచేసే రోజుల్లో ఒక్కోసారి పాసింజరును రద్దు చేస్తారు.

పెద్ద తుపాను వస్తే బండ్లు ఆగిపోవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. ఈ లైనులో రైళ్ళు ఆగిపోయాయి.

2020 మార్చిలో కరోనా వల్ల దేశమంతటా ప్రయాణికుల బండ్లు నిలిచిపోయాయి. మళ్ళీ మొదలయ్యాక పాసింజరుకు కూడా ఎక్స్‌ప్రెస్ ఛార్జీ తీసుకున్నారు. 10 రూపాయలున్న కనీస టికెట్టు 30 రూపాయలయింది. రానూ పోనూ 20 రూపాయలు పెట్టే మనిషి 60 రూపాయలు పెట్టాల్సి వచ్చింది. బుట్టలో నాలుగు పనసకాయలు అమ్ముకునే మనిషికి 40 రూపాయలు తక్కువేమీ కాదు. 2024 ఫిబ్రవరిలో పాసింజరు ఛార్జీ మళ్ళీ తగ్గించారు.

16 అంటే ఎంత?

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. ఒక వదిన, ఆడపడుచు అక్కడికి రోగిని తీసుకుని వచ్చారు. రోగి వదిన భర్త. పొద్దున్న పలాస స్టేషన్లో దిగారు. ఆడపడుచు గోడ మీది బోర్డు చూస్తోంది.

"తిరుగు బండి ఆరుంబావుకి అన్నారు. అప్పటికి వస్తే చాలు కదేటి?" అంది వదిన.

"ఎవరన్నారొదినా? బోర్డు మీద 16:15 అని ఉంది. పదహారులోంచి పన్నెండు తీసెయ్."

"నాలుగు."

"అంటే సాయంత్రం నాలుగుంబావుకే బండి."

"ఓలమ్మా! ఆరింటికి వస్తే బండి ఎల్లిపోను కదే! మీ అన్నకి అసలే నీరసం. రాత్రంతా ఈ బల్ల మీద పడుకోబెట్టాల్సి వచ్చును."

రైలు బోర్డు మీద రోజుకు 24 గంటలు లెక్క. మధ్యాహ్నం 1 గంటను 13:00 అని రాస్తారు. 13 నుంచి పైన ఉన్న అంకెలోంచి 12 తీసేయాలి. రాత్రి 12 గంటలు 00:00. అక్కడి నుంచి తేదీ మారుతుంది. పైన చెప్పిన టైము లెక్క నేర్చుకోవడానికే. అసలు టైము స్టేషన్లో చూసుకోవాలి.

బండి నంబరు కూడా చూడాలి. 5, 6, 7 అంకెలతో మొదలైతే పాసింజరు. 1, 2 అంకెలతో మొదలైతే ఎక్స్‌ప్రెస్. పాసింజరు టికెట్టుతో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే జరిమానా కట్టాలి.

ముందుగా చేసుకోవలసినవి

1. ఇంటి నుంచి బయలుదేరే ముందు 139 నంబరుకు ఫోన్ చేయండి. బండి ఉందా, ఎంత ఆలస్యం అని అడగండి.

2. బండి రద్దయితే టికెట్టు పారేయకండి. కౌంటరులో చూపించి డబ్బులు వెనక్కి అడగండి.

3. డయాలసిస్ తప్పితే ప్రాణానికే ముప్పు. ఆ రోజు ఒక్క బండినే నమ్ముకోకండి. ముందు బండికే పోండి. బస్సు టైము కూడా కాగితం మీద రాసి పెట్టుకోండి.

4. ఆటో ఒక్కరికి బరువు. ఒకే ఊరి రోగులు ఒకే రోజు పోయేలా మాట్లాడుకుంటే ఖర్చు పంచుకోవచ్చు.

కలిసి అడుగుదాం

బండి మన స్టేషన్లో ఆగాలంటే అడగాలి. నోటితో చెప్పిన మాట మరిచిపోతారు. కాగితం మీద రాసి ఇస్తే అది ఆఫీసులో ఉంటుంది. సంఘంలో కూర్చుని ఇలా రాయవచ్చు:

డివిజినల్ రైల్వే మేనేజరు గారికి,
మేము కవిటి మండలం ______ గ్రామం మహిళలము. ______ నంబరు బండి ______ స్టేషన్లో ఆగడం లేదు. మా ఊరి నుంచి రోజూ ______ మంది పనికి, ఆసుపత్రికి పోవాలి. ఆ బండిని ఇక్కడ ఆపవలసిందిగా కోరుతున్నాము.
తేదీ: ______  సంతకాలు: ______

దీన్ని స్టేషను మాస్టరు గారికి ఇవ్వండి. నకలు మీద ఆయన సంతకం, తేదీ వేయించుకోండి. నకలు సంఘం దగ్గర దాచండి. ఒక్క కాగితంతో రేపే బండి ఆగకపోవచ్చు. నెల తర్వాత నకలు పట్టుకుని వెళ్ళి, ఏమయిందని అడగండి. మళ్ళీ రాయండి.

చెప్పండి, రాయండి

1. 14:30, 19:45, 21:10 – ఇవి ఎన్ని గంటలు?
2. టికెట్టు 10 రూపాయల నుంచి 30 రూపాయలకు పెరిగితే, ఆరు రోజులు రానూ పోనూ ఎంత ఎక్కువ ఖర్చు?
3. మీ ఊరికి దగ్గరి స్టేషన్లో ఆగే పాసింజరు బండ్ల నంబర్లు, టైములు రాయండి. ఆ కాగితం ఇంటి గోడకు అంటించండి.