నేల తెలియని పాదాలు



ఒకరోజు ఇషా నమాజు తర్వాత మా మొహల్లా మసీదు మెట్లు దిగి ఒక పెద్దాయన ఒంటి చెప్పుతో వెళ్ళిపోతుండటం చూశాను. రెండో చెప్పు పై మెట్టు మీదే ఉండిపోయింది. అక్కడున్న పిల్లలు నవ్వారు. పరధ్యానం కాబోలని నేనూ అనుకున్నాను. చెప్పు తీసుకెళ్ళి ఇచ్చి, "చాచా, ఇది జారిపోయింది, తెలియలేదా?" అని అడిగాను. ఆయన వంగి తన కాలు చూసుకున్నారు. "కాళ్ళకు దూది చుట్టినట్టుంటది బేటా. చెప్పు ఉన్నదో లేదో చూస్తేనే తెలుస్తది" అన్నారు. పద్నాలుగేళ్ళుగా షుగర్ ఉంది, మందులు తప్పకుండా వేసుకుంటున్నారు. ఈ సంగతి మాత్రం డాక్టరుకు ఒక్కసారీ చెప్పలేదు. ఎందుకంటే నొప్పి లేదు.

నేను ఫిజియోథెరపిస్టును. మోకాలు నొప్పి, నడుము నొప్పి ఉన్నవారు మా గుమ్మం ముందు బారులు తీరుతారు. నొప్పే తెలియనివారు మాత్రం రారు. వారు వచ్చేసరికి అరికాలిలో పుండు ఉంటుంది, లేదా పడి తుంటి విరిగి ఉంటుంది, లేదా వేలు తీసేసి ఉంటారు. ఏటా మన సొసైటీ శిబిరాల్లో చక్రాల కుర్చీలు ఇస్తున్నాం. వాటిని అందుకునే వారిలో షుగర్‌తో కాలు పోగొట్టుకున్నవారిని చూసినప్పుడల్లా నాకు ఒకే ప్రశ్న వస్తుంది. మనం ఇస్తున్న సాయం రెండు మూడేళ్ళు ఆలస్యంగా అందుతోందా? ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో షుగర్ ఉన్నవారి సంఖ్యను సుమారు 10 కోట్లుగా లెక్కగట్టింది. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఎంతో కొంత నరాల దెబ్బ తగులుతుంది. దీన్నే న్యూరోపతి అంటారు. శరీరంలో అన్నిటికంటే పొడవైన నరాలు నడుము నుంచి కాలివేళ్ళ దాకా పోయేవి. అందుకే ముందుగా దెబ్బతినేది వాటి కొసలు. తిమ్మిరి వేళ్ళ దగ్గర మొదలై, మేజోడు తొడిగినట్టు మెల్లగా పైకి పాకుతుంది. కొందరికి రాత్రిపూట మంటలు, సూదులు గుచ్చినట్టు పోట్లు ఉంటాయి. మరికొందరికి ఏమీ ఉండదు, స్పర్శ సద్దు లేకుండా పోతుంది. ఎక్కువ ప్రమాదం ఈ రెండో రకానికే.

స్పర్శ పోతే తూలడం ఎందుకు? మనం నిలబడటానికి మూడు ఆధారాలున్నాయి. ఒకటి కళ్ళు. రెండోది లోపలి చెవిలోని తూకపు యంత్రం. మూడోది అరికాలు, చీలమండల నుంచి మెదడుకు పోయే కబురు. నేల ఎత్తుగా ఉందా, పల్లంగా ఉందా, బరువు మడమ మీద పడిందా, వేళ్ళ మీద పడిందా అనేది ఆ కబురు. ఈ మూడోది ఆగిపోతే మనిషి కళ్ళ మీదే నడుస్తాడు. వెలుతురున్నంతసేపు బాగానే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు, ఫజ్ర్‌కు చీకట్లో లేచినప్పుడు తూలుతాడు. పాత వైద్య గ్రంథాల్లో దీనికి ఒక గుర్తు రాశారు. ముఖం కడుక్కోవడానికి కళ్ళు మూసుకోగానే ముందుకు తూలి, నీళ్ళ తొట్టి పట్టుకోవడం. వుజూ చేసేవారికి ఈ గుర్తు రోజుకు ఐదుసార్లు ఎదురవుతుంది. నిలబడి ముఖం మీద నీళ్ళు చల్లుకుంటుంటే ఒళ్ళు ఊగిందా, ఇంట్లో ఎవరికైనా చెప్పండి. అది కళ్ళు తిరగడం కాకపోవచ్చు, కాళ్ళు తెలియకపోవడం కావచ్చు.

ఈ విద్య మన ప్రాంతానికి కొత్త కాదు. నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లిలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల ఆసుపత్రి నెలకొల్పారు. అది 1915 నాటి సంగతి. దానికి రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళం పెద్ద ఆసరా అయింది. క్రైస్తవ వైద్యురాలు, హిందూ దాత, అక్కడికి చేరిన రోగుల్లో అన్ని మతాలవారూ ఉన్నారు. కుష్ఠులో వేళ్ళు ఊడిపోవడం వ్యాధి తినేయడం వల్లనే అని అప్పట్లో అనుకునేవారు. 1946లో వేలూరు మెడికల్ కాలేజీకి వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ఆ అభిప్రాయం తప్పని చూపించారు. స్పర్శ పోయిన కాలికి రాయి గుచ్చినా, బొబ్బ లేచినా తెలియదు. రోగి ఆ గాయం మీదే నడుస్తాడు. కాలిని పాడుచేసేది ఆ నడక. దానికి ఆయన బృందం కనిపెట్టిన మందు మెత్తటి రబ్బరు అట్ట వేసిన చెప్పు. ఎంసీఆర్ చెప్పులని ఇప్పుడు మనం అంటున్నవి అవే. బ్రాండ్ 1966లో అమెరికా వెళ్ళి అక్కడ షుగర్ రోగుల కాళ్ళకూ ఇదే పాఠం అమలు చేశారు.

ఇన్ని దశాబ్దాలైనా మనవాళ్ళు ఆ చెప్పులు వేసుకోవడానికి సిగ్గుపడతారు. చూసినవాళ్ళు కుష్ఠు చెప్పులంటారని భయం. ఇప్పుడు మామూలు శాండిల్ లాగే కనబడే రకాలు వచ్చాయి. ఏదైనా ఒకటి గమనించండి, మడమ వెనుక పట్టీ ఉండాలి. హవాయి చెప్పును వేళ్ళతో పట్టి నడవాలి, తిమ్మిరి కాలికి ఆ పట్టు ఉండదు.

ఇంట్లోనే చేసుకోదగిన పరీక్ష ఒకటి ఉంది. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు రూపొందించారు, పైసా ఖర్చు లేదు. పెద్దవారిని పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. మీ చూపుడువేలి కొసతో వారి రెండు కాళ్ళ బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు, మొత్తం ఆరు చోట్ల, ఒక్కో సెకను లేదా రెండు సెకన్లు మెల్లగా తాకండి. నొక్కకండి, గీకకండి. తెలిసినప్పుడల్లా కుడి, ఎడమ అని చెప్పమనండి. ఆరింటిలో రెండు లేదా అంతకంటే ఎక్కువ చోట్ల తెలియకపోతే ఆ కాళ్ళు ప్రమాదంలో ఉన్నట్టే. అప్పుడు డాక్టరు దగ్గర 10 గ్రాముల ఒత్తిడినిచ్చే నైలాన్ పోగుతోనూ, కంపించే లోహపు శ్రుతిదండంతోనూ పరీక్ష చేయించాలి.

తిమ్మిరి అంతా షుగరే అనుకోవద్దు. మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ళకేళ్ళు వాడేవారిలో బీ12 విటమిన్ తగ్గుతుంది. దాని లోపమూ కాళ్ళను ఇలాగే చేస్తుంది, రక్తపరీక్షతో తెలిసిపోతుంది, నయమవుతుంది. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ వల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి, అందుకే దానితోపాటు బీ6 మాత్ర ఇస్తారు. అది మానేయకూడదు. ఒంటిమీద స్పర్శ లేని మచ్చ కనిపిస్తే కుష్ఠు పరీక్ష తప్పదు. దానికి ప్రభుత్వమే మందులు ఉచితంగా ఇస్తుంది, మచ్చను దాచిపెట్టుకుంటే నష్టపోయేది కాలూ చేయీ. ఇక మన కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు బీడీలు చుట్టే అక్కాచెల్లెళ్ళ సంగతి. ఒడిలో చాట పెట్టుకుని గంటల తరబడి కాలు మడిచి కూర్చుంటే మోకాలి పక్కన బయటివైపు సాగే నరం నలిగిపోతుంది. పాదం పైకి లేవదు, నడుస్తుంటే వేళ్ళు నేలకు తట్టుకుంటాయి. ఇది షుగర్ లేనివారికీ వస్తుంది. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం, కాళ్ళు మార్చి కూర్చోవడం, పాదం పడిపోతే ఆలస్యం చేయకుండా చూపించుకుని కాలికి ఆధారపు పట్టీ వేయించుకోవడం. వీటితో చాలామందికి నరం తిరిగి కోలుకుంటుంది.

ఫిజియోథెరపీ ఏం చేయగలదు, ఏం చేయలేదు? పోయిన స్పర్శను తిరిగి తెస్తానని నేను ఎవరికీ మాట ఇవ్వను. అలా మాట ఇచ్చే యంత్రాలు ఎగ్జిబిషన్లలో, టీవీ ప్రకటనల్లో బోలెడు కనిపిస్తాయి. పాదాల కింద గడగడలాడే పెట్టెలు, ఎర్రటి దీపాలు. పరారుణ కాంతి చికిత్సను ఉత్తుత్తి దీపంతో పోల్చి చూసిన పరీక్షల్లో తేడా పెద్దగా కనబడలేదు. కరెంటు తరంగాల చికిత్స కొందరికి మంటను కొంతసేపు తగ్గిస్తుంది, అంతవరకే. వేడినీళ్ళ కాపడం, వేడి ఇటుక, హీటింగ్ ప్యాడ్ అయితే తిమ్మిరి కాలికి శత్రువులే. బొబ్బ లేచాక గానీ తెలియదు.

చేయగలిగింది వేరే ఉంది. మిగిలిన రెండు ఆధారాలను, కాలి కండరాలను గట్టిపరచి మనిషిని పడకుండా నిలబెట్టడం. తిమ్మిరి కాళ్ళవారు ఎక్కువ నడవకూడదు, పుండు పడుతుందని ఒకప్పుడు వైద్యులే చెప్పేవారు. 2008లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం వారు 79 మందితో చేసిన పరిశీలనలో, సరైన చెప్పులతో, రోజూ కాళ్ళు చూసుకుంటూ నడిచినవారికి పుండ్లు పెరగలేదని తేలింది. కాబట్టి నడవండి. చెప్పు లేకుండా మాత్రం ఇంట్లో కూడా నడవకండి.

మా శిబిరాల్లో నేర్పే వ్యాయామాలు సాదాసీదావి. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి నిలబడటం, మెల్లగా కూర్చోవడం. మొదట ఐదుసార్లు, తర్వాత పది. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి వేళ్ళ మీద నిలబడటం, ఆపైన వేళ్ళు ఎత్తి మడమల మీద నిలబడటం. అదే గట్టు వెంబడి పక్కకు అడుగులు వేయడం. ఇవి కుదురుకున్నాక గది మూలలో, వెనుక రెండు గోడలు, ముందు ఒక కుర్చీ ఉండేలా నిలబడి, ఒక పాదం ముందు మరో పాదం ఆనించి పది లెక్కపెట్టడం. కళ్ళు మూసుకుని చేయడం మాత్రం ఎవరైనా పక్కన నిలబడినప్పుడే. రోజూ పది పదిహేను నిమిషాలు. వారంలో మార్పు రాదు, రెండు నెలలు ఓపిక పట్టాలి. ఎక్కువమంది ఇరవయ్యో రోజున మానేస్తారు, అందుకే ఇంట్లో మనవడికో కోడలికో కూడా నేర్పి పంపుతాను.

చేతికర్ర గురించి ఒక మాట. ముసలితనానికి గుర్తని చాలామంది వద్దంటారు. బరువు మోపకపోయినా, కర్ర కొస నేలను తాకితే చాలు, కాలు చెప్పలేని కబురును చేయి మెదడుకు చెబుతుంది.

వ్యాయామం ఆపి పరుగున ఆసుపత్రికి పోవలసిన సందర్భం కూడా ఉంది. ఒక పాదం ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, రెండో పాదం కంటే వేడిగా తగిలితే, నొప్పి లేకపోయినా సరే, ఆ కాలిని నేల మీద మోపకండి. లోపల ఎముకలు నలుగుతూ ఉండవచ్చు. బెణుకని నూనె రాసి మర్దన చేస్తే పాదం ఆకారమే మారిపోతుంది.

మసీదులో మన అలవాట్లు ఈ కాళ్ళకు మేలూ చేయగలవు, కీడూ చేయగలవు. వుజూలో కాలివేళ్ళ సందుల్లో వేలు పోనిచ్చి కడుగుతాం. అప్పుడే ఒకసారి వంగి చూడండి, పగులు, బొబ్బ, ఆనెకాయ, మేకు గుచ్చిన గుర్తు ఏదైనా ఉందా అని. చూపు ఆనకపోతే పిల్లలతో చూపించుకోండి. తర్వాత వేళ్ళ సందులు పొడిగా తుడవడం మరవద్దు. తడిగా వదిలేస్తే అక్కడే ఒరుస్తుంది. మడమలకు కొబ్బరినూనె రాయవచ్చు, సందుల్లో వద్దు. వుజూ ఖానాలో నిలబడి ఒంటికాలు ఎత్తి కడగడం తిమ్మిరి కాళ్ళవారు మానుకోవాలి. కూర్చునే ఏర్పాటు, పక్కన పట్టుకోవడానికి ఇనుప కడ్డీ ఉండాలి. మన ఎండల్లో, జుహర్ వేళ ఆవరణలోని బండలు పెనంలా కాలుతాయి. అందరూ గంతులేస్తూ దాటుతారు, స్పర్శ లేనివారు నిదానంగా దాటుతారు. వారి కాళ్ళే కాలేది. గుమ్మం దాకా ఒక చాప పరిస్తే చాలు.

సజ్దా నుంచి లేచేటప్పుడు పడేవారిని చూశాను. ముందు ఒక మోకాలు మోపి, చేత్తో గోడో పక్కన ఉన్న స్టూలో పట్టుకుని లేవడం అలవాటు చేస్తాం. ఖాయిదాలో కూర్చున్నప్పుడు ఎడమ చీలమండ బయటివైపు నేలకు ఒత్తుకుంటుంది, అక్కడ నల్లటి కాయ ఉన్నవారు దాన్ని వారానికోసారైనా తడిమి చూసుకోవాలి. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చని దైవప్రవక్త (స) సెలవిచ్చిన సంగతి మనకు తెలిసిందే. ఎవరికి ఎంతవరకు వెసులుబాటు అనేది ఉలమాను అడగండి. నేను చెప్పగలిగింది కుర్చీ గురించే. పాలరాతి మీద ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, దాని కాళ్ళకు రబ్బరు తొడుగులు వేయించండి.

హజ్, ఉమ్రాకు సిద్ధమవుతున్నవారు సఫా మర్వాల మధ్య ఏడు విడతలు కలిపితే దాదాపు 3 కిలోమీటర్లని గుర్తుంచుకుని మూడు నెలల ముందే నడక మొదలుపెట్టాలి. అక్కడి వేడి నేల మీద వట్టికాళ్ళతో నడిచి కాళ్ళు కాల్చుకున్న షుగర్ రోగుల గురించి వైద్య పత్రికల్లో చాలాసార్లు రాశారు.

ఇక దాతలకు నా మనవి. చక్రాల కుర్చీలు ఆపమని అనను. కాని ఒక కుర్చీ ఖర్చుతో కొన్ని జతల ఎంసీఆర్ చెప్పులు వస్తాయి, అవి అరిగిపోతాయి కాబట్టి ఏడాది తిరిగేలోగా మళ్ళీ ఇవ్వాలి. ఒక్కసారి ఇచ్చి ఫోటో తీసుకుంటే సరిపోదు. ఆదిలాబాదు లోపలి మండలాల నుంచి ఫిజియోథెరపీ కోసం పట్టణానికి రావాలంటే కూలి పోతుంది, తోడు వచ్చేవారి కూలీ పోతుంది. రెండోసారి రాకపోవడానికి బద్ధకం కారణం కాదు, బస్సు ఛార్జీ. ఆ ఛార్జీకి, నెలకొకసారి ఊరికి వెళ్ళే ఫిజియోథెరపిస్టు ఖర్చుకు, మసీదుల్లో కడ్డీలకు, చాపలకు సదఖా కేటాయిస్తే అది రసీదులో చిన్నదిగానే కనిపిస్తుంది. జకాత్ సొమ్ము ఇందులో దేనికి చెల్లుతుందో కమిటీ ఉలమాతో మాట్లాడి నిర్ణయించాలి.

శిబిరానికి వచ్చేవారు కొత్త చెప్పులు వేసుకుని రాకండి. రోజూ వాడే పాత జతే తెండి. ఏ వైపు అరిగిందో చూస్తే బరువు ఎక్కడ పడుతోందో, పుండు ఎక్కడ పడబోతోందో ముందే తెలుస్తుంది.