ఓడిన ఆట నేర్పిన పాఠం

చదరంగం మన దేశంలో పుట్టిన ఆట. ‘చతురంగం’ అన్న సంస్కృత నామంతో పారశీక దేశం చేరి, అరబ్బుల నోట ‘షత్రంజ్’ అయి, ప్రపంచమంతటా వ్యాపించింది. ఆట ముగిసినప్పుడు పలికే ‘షాహ్ మాత్’ అన్న మాటకు రాజు చనిపోయాడని అర్థం చెప్పేవారు కలరు. రాజు దిక్కుతోచక నిలిచిపోయాడని మరికొందరు చెబుతారు. ఈ రెండవ అర్థమే సమంజసమని ఒక ఓటమి నాకు బోధించింది.

ఒక వేసవి సెలవులలో, అమలాపురంలో మా ఇంటి అరుగుమీద, ఇంటర్మీడియట్ చదివే పొరుగింటి అబ్బాయితో ఆట ఆడాను. తెల్ల పావులు అతనివి, నల్లవి నావి. చివరికి ఇద్దరికీ చెరొక రాజు, చెరొక ఏనుగు మిగిలాయి. అతనికి మాత్రం ఒక బంటు అదనం. నేను ఏనుగుతో అతని ఏనుగును కొట్టాను. అతడు రాజుతో నా ఏనుగును కొట్టాడు. ఒక్క బంటుతో ఏం చేయగలడులే అని తలచి, “ఇక సమానమే కదా!” అన్నాను. “ఆట ఇంకా అవలేదండీ మాస్టారూ, ఎత్తు మీదే” అన్నాడు.

ఆ స్థితిని పాఠకులు బల్లమీద అమర్చి చూడవచ్చును. తెల్లవారి వైపు నుండి నిలువు వరుసలు ఎడమ నుండి ఎ మొదలు హెచ్ వరకు. అడ్డు వరుసలు 1 మొదలు 8 వరకు. తెల్ల రాజు ఇ4లో, తెల్ల బంటు ఇ3లో, నా రాజు ఇ7లో ఉన్నాయి. నేను రాజును ఇ6కు జరిపి ఉంటే ఆట సమానంగా ముగిసేది. రాజులు రెండూ ఎదురెదురుగా, నడుమ ఒక్క గడి విడిచి నిలిచినప్పుడు, కదలవలసిన వంతు ఎవరిదో వారే పక్కకు తొలగి దారి ఇవ్వవలసి వస్తుంది. ఇక్కడ ఆ వంతు అతనిదయ్యేది. కాని నేను బంటును పక్కనుండి పట్టుకొందామని డి6కు వెళ్లాను. అతడు వెంటనే ఎఫ్5కు వచ్చాడు. నేను ఇ7కు తిరిగి వచ్చేసరికి అతడు ఇ5లో నా ఎదుట నిలిచాడు. ఇప్పుడు తొలగవలసిన వంతు నాది. తెల్ల రాజు దారి చేస్తూ ముందు నడవగా, వెనుక బంటు ఎనిమిదవ వరుస చేరి మంత్రి అయింది.

ఓడిన వెంటనే, “ఎండకు తల తిరిగి పొరపాటు పడ్డాను” అన్నాను. మరునాడు ఆ అబ్బాయి ఎత్తులన్నీ వ్రాసిన కాగితం తెచ్చి, “డి6కు ఎందుకు వెళ్లారండీ?” అని వినయంగా అడిగాడు. నిజం ఒప్పుకొనక తప్పలేదు. ఆట అయిపోయిందనుకొని ఆలోచించడం మానివేశాను. తప్పు నా చేతిది కాదు, ఎండది అసలే కాదు. సమానమని నోట పలికిన క్షణాననే నా మనస్సు ‘మాత్’ అయింది.

ఇది మనవంటి ఔత్సాహికులకే పరిమితమైన లోపం కాదు. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ చివరిదైన 14వ ఆటలో, చైనాకు చెందిన డింగ్ లిరెన్ తన 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2కు జరిపి మార్పిడికి అవకాశమిచ్చాడు. అప్పటికి చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్‌కు ఒక బంటు అదనంగా ఉన్నా, ఆట సమానమయ్యే స్థితిలోనే ఉంది. ఏనుగులు మారాయి. తెల్ల శకటు మూలగడిలో ఉన్నందున శకట్ల మార్పిడి కూడ తప్పలేదు. మిగిలిన బంట్ల ఆటలో నల్లవారిదే గెలుపు. 58 ఎత్తులకు ఆట ముగిసింది. 7½–6½తో గుకేశ్ 18వ ఏట ప్రపంచ విజేత అయ్యాడు. పావులు తగ్గినంత మాత్రాన ప్రమాదం తగ్గదు.

తప్పు జరిగిన తరువాత ఏమి చేయాలన్నదానికి మన కోనేరు హంపి ఉదాహరణ. అదే నెలలో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ పోటీలో ఆమె మొదటి ఆటే ఓడింది. అయినను 11 ఆటలలో 8½ పాయింట్లు సాధించి, 2019 తరువాత రెండవసారి ఆ కిరీటం గెలుచుకొంది.

కనుక ఓడిన ఆటను కాగితంమీద పెట్టాలి. చివరి ఎత్తును కాక, ఆట మలుపు తిరిగిన ఎత్తును వెదకాలి. ఆ క్షణాన ఏమనుకొన్నామో దాని పక్కన నిజాయితీగా వ్రాసుకోవాలి. ఆ తరువాతనే కంప్యూటర్‌ను అడగాలి. సరియైన ఎత్తు ఏదో అది క్షణంలో చెబుతుంది. మనం తప్పు ఎత్తు ఎందుకు వేశామో దానికి తెలియదు.

ఈ పాఠం నా వృత్తికి కూడ పనికివచ్చింది. ‘విద్యార్థి’ అని వ్రాయవలసిన చోట ‘విద్యార్ధి’ అని కనిపిస్తే ఏళ్లతరబడి ఎర్రసిరాతో సున్న చుట్టి ఊరుకొన్నాను. మరుసటి పరీక్షలో అదే తప్పు మళ్లీ కనిపించేది. ఇప్పుడు ఆ విద్యార్థిని పిలిచి, “ఇలా ఎందుకు వ్రాశావు?” అని అడుగుతున్నాను. ఒకరు పలికినట్టే వ్రాశామంటారు, మరొకరు బోర్డుమీద అలాగే చూశామంటారు. కారణం తెలిసిన తప్పును దిద్దడం సులభం.

విద్యార్థి మిత్రులారా! మీ తప్పును గూర్చి ఎవరైనా ‘ఎందుకు’ అని అడిగితే కోపగించకండి. ఆ ప్రశ్న నన్ను అడిగిన అబ్బాయికి నేను ఇప్పటికీ కృతజ్ఞుడను.