కిరాణా కొట్టులో దొంగతనమను అనుమానము: పంచాయతీ సభ్యుల కర్తవ్యము

పల్లెలోని కిరాణా కొట్టు నమ్మకముపై నడచును. అరువు పద్దు వ్రాసికొని, పంట చేతికి వచ్చిన పిదప లెక్క తీర్చుకొనుట మన గ్రామములలో పరిపాటి. అట్టి కొట్టులో నూనె ప్యాకెట్టో, పప్పు పొట్లమో కనబడకపోయినచో అనుమానము ఎవరో ఒకరిపై పడును, నలుగురు గుమిగూడుదురు. పెక్కుసార్లు పోలీసులకంటె ముందుగా కబురు అందునది పంచాయతీ సభ్యునికే. కావున ఆ వేళ చట్టమేమి చెప్పుచున్నదో ప్రతి సభ్యుడును ఎరిగి యుండవలెను.

కేరళలోని అట్టప్పాడిలో 2018 ఫిబ్రవరి 22వ తేదీన, బియ్యమును తిండి సరకులను దొంగిలించినాడను అనుమానముతో ఒక ఆదివాసి యువకుని పట్టి, చేతులు కట్టి, గుంపు కొట్టెను. పోలీసులకు అప్పగించిన పిమ్మట, ఆసుపత్రికి కొనిపోవు దారిలో అతడు మరణించెను. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానము 14 మందిని దోషులుగా నిర్ణయించి, వారిలో 13 మందికి ఏడేండ్ల కఠిన కారాగార శిక్ష విధించెను. గుప్పెడు బియ్యము కొరకు ఒక ప్రాణము పోయినది. పెక్కు కుటుంబములు చెడినవి.

పట్టుకొను అధికారము ఎంతవరకు?

2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షను ప్రకారము, బెయిలుకు వీలులేనిదియు, పోలీసులు వారంటు లేకుండ అరెస్టు చేయదగినదియునగు నేరము తన కన్నుల యెదుట జరిగినప్పుడే సామాన్య పౌరుడు నేరస్థుని పట్టుకొనవచ్చును. పట్టుకొన్నను ఆలస్యము చేయక, ఆరు గంటలలోపుగా పోలీసులకు అప్పగింపవలెను. అనుమానమొక్కటే ఇందుకు చాలదు. కట్టివేయుట, కొట్టుట, గదిలో నిర్బంధించుట స్వయముగా నేరములు.

పోలీసులు ఏమి చేయుదురు?

భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను క్రింద, 5,000 రూపాయలకు తక్కువ విలువగల దొంగతనమును పోలీసులు మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే దర్యాప్తు చేయరాదు. ఫిర్యాదును పుస్తకములో నమోదు చేసికొని, ఫిర్యాదిని మేజిస్ట్రేటు వద్దకు పంపుదురు. సరకు భద్రపరచు కట్టడములో జరిగిన దొంగతనము 305వ సెక్షను క్రిందికి రావచ్చును. అప్పుడు ఎఫ్.ఐ.ఆర్. నమోదగును, దాని ప్రతి ఫిర్యాదికి ఉచితముగా లభించును.

ప్రతి కేసులోను అరెస్టు తప్పనిసరి కాదు. ఏడేండ్లవరకు శిక్షగల నేరములలో అరెస్టుకు కారణములు వ్రాయవలెను. అవసరము లేనిచోట హాజరు కమ్మని నోటీసు ఇచ్చిన చాలును. అరెస్టయిన వానిని 24 గంటలలో మేజిస్ట్రేటు యెదుట నిలుపవలెను. స్త్రీని సోదా చేయవలసినది స్త్రీయే. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను లాకప్పులో ఉంచరాదు. వారి విషయము బాలన్యాయ మండలి చూచును.

సభ్యులు చేయవలసినవి

1. మొదట గుంపును చెదరగొట్టి, అనుమానితుని రక్షింపవలెను. 112 నంబరుకు ఫోను చేయవలెను. దెబ్బలు తగిలియున్నచో వైద్యమే మొదటి పని.

2. సరకు నిజముగా పోయినదో, అరువు పద్దులో వ్రాయుట మరచిరో, కొట్టువాని చేత సరిచూపింపవలెను. కెమెరా ఉన్నచో ఆ దృశ్యములను చెరిపివేయకుండ భద్రపరుపవలెను.

3. ఒప్పుకోలు కాగితము వ్రాయింపరాదు. భయముతో చేసిన సంతకము సత్యమును నిలుపదు. పోలీసు అధికారి యెదుట ఒప్పుకొన్నదియే న్యాయస్థానములో నేరరుజువుగా చెల్లదు.

4. జరిమానా విధించుట, వెలివేయుట, గుండు గీయించుట, ఊరేగించుట కూడవు. శిక్షించు అధికారము న్యాయస్థానమునకే కలదు.

5. ఆకలి కారణమని తేలినచో, ఆ కుటుంబమునకు రేషను కార్డు, పింఛను అందుచున్నవో లేవో విచారింపవలెను.

ఒక్క విషయము గుర్తుంచుకొనుడు. 303వ సెక్షను క్రింద మొదటిసారి దోషియైన వాడు, 5,000 రూపాయలకు తక్కువ సొత్తును గాని దాని విలువను గాని తిరిగి యిచ్చినచో, చట్టము విధించు శిక్ష సమాజసేవ మాత్రమే. చట్టమే ఇంత ఓర్పు చూపుచుండగా, ఊరు తొందరపడుట తగదు. కొట్టువాని నష్టమును, అనుమానితుని మానమును సమానముగా కాపాడిన సభ్యుడే గ్రామమునకు పెద్ద.