కడలి యడుగున కాంతిబాట

మార్టూరు సముద్రతీరమున నున్న ఊరు కాదు. చెన్నైనుండి కోల్‌కతాకు పోవు జాతీయ రహదారిపై, ప్రత్తిచేలకు, మిరపతోటలకు పేరుగన్న సీమలో నున్నది. గ్రానైటు రాళ్లకు నునుపు పెట్టు కర్మాగారము లచ్చట ననేకము కలవు. అయినను ఆ ఊరి తల్లి విదేశమునందలి కుమారునితో ఫోనులో మాటలాడిన ప్రతిసారియు సముద్రముతో ఆమెకు పని పడుచునే యున్నది.

ఆ మాటలు ఆకాశమార్గమున పోవుచున్నవని పలువురు తలంతురు. నిజమునకు అవి ఫోనునుండి దగ్గరి టవరువరకే గాలిలో పోవును. అటుపైన గాజుపోగులలో కాంతిరూపమున తీరము చేరి, కడలియడుగున పరచిన కేబులు వెంట ఖండాంతరములకు పోవును. దేశదేశములనడుమ సాగు ఇంటర్నెట్టు సమాచారములో నూటికి తొంబదియైదు పాళ్లకు పైగా ఈ దారినే నడచుచున్నది. లోతైన చోట్ల కేబులు మన బొటనవ్రేలంత లావు మాత్రమే యుండును. దూరము పోయినకొలది కాంతి మందగించును గావున, అరువది మొదలు నూరు కిలోమీటర్ల కొకచోట దానికి బలము నిచ్చు పరికరము నమర్చెదరు.

కేబులు పనితనమునకు కొలతలు రెండు. సాగరు కుడికాలువ నెరిగినవారికి ఇవి సులభముగా బోధపడును. కాలువ వెడల్పును బట్టి ఎంత నీరు పారునో తెలియును. దూరమును బట్టి నీరు చేనికి ఎప్పుడు చేరునో తెలియును. సింగపూరునుండి చెన్నై, ముంబయిల మీదుగా ఫ్రాన్సులోని మార్సే నగరమువరకు 2005లో ప్రారంభమైన సీ-మీ-వీ 4 కేబులు పొడవు సుమారు 18,800 కిలోమీటర్లు. కొసలయందలి యంత్రములను మార్చి, నీటిలోని పోగులను కదపకయే, దాని మోతను పెంచగలిగిరి. కాని ఆ గాజులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లే పోవును. ఆ కొసనుండి ఈ కొసకు చేరుటకు సెకనులో దాదాపు పదవవంతు పట్టితీరును. దీనిని తొందరపెట్ట నెవరితరము?

తొందరపాటు ఫలము పూర్వులు చవిచూచిరి. 1858లో ఐర్లండునుండి అమెరికాఖండమునకు తొలి తంతితీగను పరచిరి. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశము చేరుటకు సుమారు పదునారు గంటలు పట్టెను. అటుపిమ్మట మితిమీరిన విద్యుత్తును ప్రయోగింపగా తీగ మరింత చెడి, కొద్దివారములకే మూగబోయెను. ఓర్పుతో పొరపాట్లు సవరించుకొని 1866లో విజయము గాంచిరి.

ఎంత మేలైన కేబులైనను తెగుట కలదు. ఓడల లంగరులును, చేపలవలలును దానికి ముఖ్యశత్రువులు. 2025 సెప్టెంబరులో ఎఱ్ఱసముద్రమునందు, జెడ్డా దాపున, సీ-మీ-వీ 4తో పాటు మరికొన్ని కేబుళ్లు దెబ్బతినగా భారతదేశమునను ఇంటర్నెట్టు మందగించెను. అయినను పూర్తిగ నిలిచిపోలేదు. ఏలన, సమాచారము ఇతర మార్గములకు మరలెను. చుట్టుదారి దూరము, అందు రద్దీయు హెచ్చు, అందువలననే ఆలస్యము. తెగిన కేబులును బాగుచేయుటకు ప్రత్యేకమైన ఓడ వచ్చి, కొక్కెములతో కొసలను పైకి లాగి, వెంట్రుకవంటి పోగులను ఒక్కొక్కటిగా అతుకవలెను.

కావున ఒక్క గొప్ప దారికంటె పలుదారు లుండుట మేలు. మన దేశమునకు వచ్చు కేబుళ్లలో హెచ్చుభాగము ముంబయి, చెన్నై తీరములనే చేరుచున్నవి. విశాఖపట్టణమునను సముద్రపు కేబుళ్లకు ద్వారము నెలకొల్పుదుమని 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ప్రకటించినది. అది నెరవేరినచో, ఒక తీరమున కేబులు తెగినను, మార్టూరు తల్లి మాట మరియొక తీరమునుండి కడలి దాటగలదు.