నొచ్చినవాళ్లా, బయటపడ్డవాళ్లా?

చిరంజీవి శైలజకు,
గాజువాక నుంచి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కులం పేర్లూ తిట్లూ ఉన్న పాత నవలల్ని పిల్లల పాఠాల్లోంచి తీసెయ్యాలా అని బి.ఇడి.లో మీ మాస్టారు వ్యాసం రాయమన్నారన్నావు. ఉంచాలనో తీసెయ్యాలనో తొందరపడి రాసెయ్యకు తల్లీ. ముందు ఫిర్యాదు ఎవరిదో చూడు. ఆ మాట తగిలి నొచ్చుకున్నవాళ్లదా, ఆ పుస్తకంలో తమ బండారం బయటపడ్డవాళ్లదా? పైకి ఇద్దరూ ‘మనోభావాలు దెబ్బతిన్నాయి’ అనే అంటారు. ఎవరు ఏ బాపతో తేల్చుకోవడం చదువు చెప్పేవాళ్ల పని.

నువ్వు చదువుతున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం కథే చూడు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లి, అక్కడ ‘మాలపల్లి’ నవల రాశారు. 1923లో మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో అచ్చుకు ఒప్పుకుంది. ఆ తర్వాత మన విశ్వవిద్యాలయం దాన్ని పాఠ్యగ్రంథంగా పెట్టింది. 1936లో సర్కారు మళ్లీ నిషేధించడంతో పాఠాల్లోంచి తీసేశారు. మరుసటి ఏడు రాజాజీ ప్రభుత్వం వచ్చాకే ఆ సంకెల ఊడింది. పేరులోనే కులం ఉన్న పుస్తకమది. అయినా సర్కారు భయం ఆ పేరు గురించి కాదు. అందులో కూలీల పక్షాన నిలిచిన సంగదాసు భూస్వామి దెబ్బకు చనిపోతాడు. అలాంటి కథ కాలేజీ కుర్రాళ్లు చదివితే ఏమవుతుందోనన్నది దాని దిగులు. అది బయటపడ్డవాళ్ల ఫిర్యాదు. 2010లో బొంబాయిలోనూ ఇదే జరిగింది. రోహింటన్ మిస్త్రీ నవల ‘సచ్ ఎ లాంగ్ జర్నీ’లో తమ పార్టీని కించపరిచే మాటలున్నాయని శివసేన విద్యార్థి విభాగం గొడవ చేస్తే, విశ్వవిద్యాలయం దాన్ని బి.ఏ. పాఠాల్లోంచి తప్పించింది.

ఇప్పుడు రెండోవైపు చూడు. మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’ బానిసత్వాన్ని ఎండగట్టిన నవలే. కానీ నల్లవాళ్లని తిట్టే మాట అందులో రెండు వందల సార్లకు పైగా వస్తుంది. క్లాసులో ఒక్క నల్లపిల్లే ఉండి, చుట్టూ ఉన్నవాళ్లంతా ఆ మాటని వంతులవారీగా పైకి చదువుతుంటే ఆ పిల్ల ప్రాణం ఎలా ఉంటుంది? అలాంటి పిల్లల తల్లిదండ్రులు ఆ పుస్తకం వద్దంటే, దాన్ని సెన్సారు అని కొట్టిపారేయకూడదు. 2011లో ఒక ప్రచురణకర్త ఆ మాట తీసేసి ‘బానిస’ అని పెట్టి అచ్చువేశాడు. దాంతో పిల్లకి నొప్పి తగ్గిందేమో కానీ, ఆనాటి మనుషులు ఎంత తేలిగ్గా ఆ మాట అనేవారో తెలిసే దారి మూసుకుపోయింది.

రెండింటికీ మధ్య చిక్కుముడి ‘చింతామణి’. కాళ్లకూరి నారాయణరావుగారు వేశ్యాలోలత్వం మీద రాసిన నాటకం. అందులో సుబ్బిశెట్టి పాత్ర తమని అవమానిస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెబితే, 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ప్రదర్శనలు నిషేధించింది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. దశాబ్దాలుగా ఊరూరా పందిళ్లలో ఆ పాత్ర నోట నటులు సొంతంగా కలిపిన బూతులు చాలా ఉన్నాయి. కవి రాసిందేదో, స్టేజీ మీద చేరిందేదో విడదీయకుండా మొత్తానికి తాళం వేస్తే నొచ్చినవాళ్లకి న్యాయం జరగదు, నాటకానికీ జరగదు.

కాబట్టి నీకు చెప్పేది ఇది. తిట్టు కనబడగానే ఆ పేజీ దగ్గర ఆగిపోకు. ఎవరి నోట వచ్చింది, ఎవరి మీద పడింది, పడ్డాక రచయిత ఎవరి పక్కన నిలబడ్డాడు అని చూడు. మన విశాఖలోనే వకీలుగా పనిచేసిన రావిశాస్త్రిగారి సారా కథల్లో మనుషులు నోటికొచ్చినట్టు మాట్లాడతారు. వాళ్ల నోరు కడిగేస్తే కథలో వాళ్లే మిగలరు. అలాగని వాటిని ఆరో తరగతికి పెట్టమనను. పిల్లల ఈడు చూసుకోవాలి. పై తరగతికి మార్చడం వేరు, లేకుండా చెయ్యడం వేరు. బాధపెట్టే మాటని పిల్లలచేత పైకి చదివించక్కర్లేదు, మౌనంగా చదువుకోనివ్వు. పాఠానికి ముందురోజే ఆ మాట ఎక్కడిదో, ఎందుకు తప్పో చెప్పు. ఆ పని చేసే ఓపిక టీచరుకి లేకపోతే, ఆ ఏడాదికి ఆ పుస్తకం జోలికి పోకపోవడమే మేలు.

వ్యాసం మొదలుపెట్టే ముందు ‘మాలపల్లి’ పూర్తిగా చదువు. రేపు నీ క్లాసులో ఏ పిల్లో లేచి, “ఈ మాట నాకు బాధగా ఉంది టీచర్” అంటుంది. ఆ పిల్ల నోరు మూయించకు, ఆ పుస్తకమూ మూసెయ్యకు. బాధ ఎక్కడ తగిలిందో ఆ పిల్లనే చెప్పనివ్వు. ఆ రోజు పాఠం అక్కడినుంచే మొదలుపెట్టు.

ఇట్లు,
తాతయ్య