ప్రత్యక్ష గుడారంలో ప్రతి రంగుకూ అర్థం ఉందా?

ప్రశ్న: నిర్గమకాండంలో ప్రత్యక్ష గుడారం కొలతలు, రంగులు రాగానే చదవలేక ఆగిపోతున్నాను. అందులోని ప్రతి మేకూ క్రీస్తును సూచిస్తుందని కొందరు బోధిస్తున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, అన్ని వివరాల్లోనూ అర్థం వెతకబోవడం వల్లే మీకీ అలసట. నీలం పరలోకానికి, ఇత్తడి తీర్పుకు గుర్తు అనేది తర్వాతి వ్యాఖ్యాతల మాట. నిర్గమకాండం అలా చెప్పదు. గుడారం విషయంలో హెబ్రీయులకు రాసిన పత్రిక దృష్టి ముఖ్యంగా లోపలి తెర మీదే. ఆ తెర వెనుక అతిపరిశుద్ధ స్థలంలోకి ప్రధాన యాజకుడొక్కడే, అదీ ఏటా ప్రాయశ్చిత్త దినాన, బలిరక్తంతో వెళ్లేవాడు. జనమంతా బయటే. క్రీస్తు తన రక్తంతో ఒక్కసారే ప్రవేశించి అందరికీ దారి తెరిచాడని ఆ పత్రిక చెబుతుంది. తెరను ఆయన శరీరంతో పోల్చింది కూడా అక్కడే. క్రైస్తవులకు గుడారం ఇచ్చే ముఖ్యమైన అర్థం ఇదేనని నా నమ్మకం.

ముందు లేవీయకాండం 16, వెంటనే హెబ్రీ 9, 10 అధ్యాయాలు చదవండి. తర్వాత నిర్గమకాండం 25 నుంచి 27 వరకు, 30వ అధ్యాయం తీసుకుని, 100 మూరల పొడవు, 50 మూరల వెడల్పున్న ఆవరణాన్ని కాగితం మీద గీయండి. బలిపీఠం, గంగాళం, దీపవృక్షం, మందసం ఎక్కడుండేవో గుర్తించండి. కొలతలు అప్పుడు వాటంతటవే అర్థమవుతాయి. కొత్త బోధ ఏది విన్నా ఆధారమైన వచనం అడగండి.

గుడారం పేరు చెప్పి ఎవరైనా భయపెట్టినా, కానుకల కోసం ఒత్తిడి చేసినా ఆలస్యం చేయకండి. మీ సంఘ కాపరితో గానీ బైబిలు కళాశాల అధ్యాపకులతో గానీ నేరుగా మాట్లాడండి.